పక్కూరికి వినపడే గొంతు

ఇవాళ మేకప్ పెట్టె తెరవగానే, ముఖానికి పూసే అర్దళం వాసనకు, నేను గుడివాడ హాస్టల్లో చేరిన ఏడాది గుర్తొచ్చింది. మాకు నటన నేర్పడానికి కూచిపూడి నుంచి ఒక మాస్టారు వచ్చేవారు.

“మైకుల్లేని రోజుల్లో మా తాతగారు పిలిస్తే పక్కూరికి వినపడేదర్రా! ఏదీ, గొంతెత్తండి” అన్నారొకరోజు.

నేను నమ్మేశాను. నా వంతు రాగానే మా ఊరు నాగాయలంకకు బస్సు వెళ్లే రోడ్డు వైపు తిరిగి, “అమ్మా, వచ్చి తీసుకెళ్లవే!” అని అరిచాను.

అందరూ చప్పట్లు కొట్టారు. “ఎంత బాగా నటించావే!” అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం పెట్టె సర్దుకుని, చీకటిపడేదాకా గేటు దగ్గరే కూర్చున్నాను.

ఇప్పుడు నేనూ పిల్లలకు నటన నేర్పుతున్నాను. ఎవరైనా అలా పిలిస్తే చప్పట్లు కొట్టనివ్వను. ముందు పక్కకు తీసుకెళ్లి, ఎవర్ని పిలిచావమ్మా అని అడుగుతాను.