అమ్ముడుపోయిన ఆటగాడికి ఒక ప్రార్థన

మొన్న బెంగళూరులో కాడుగోడి స్టేషన్ బయట, తాడుకి వేలాడుతున్న ఎర్ర జెర్సీల దగ్గర కొత్త నైలాన్ వాసన తగిలింది. వెంటనే మా తెలుగు చర్చి గుర్తొచ్చింది.

అప్పటికి ఆ క్రికెట్ లీగ్ మొదలై మూడేళ్ళు. నాకు ఏడేళ్ళు. మా బెంగళూరు జట్టులో నాకు ప్రాణమైన ఆటగాణ్ణి వేలంలో వేరే ఊరి జట్టు కొనేసిందని నాన్న చెప్పాడు. సండే స్కూల్లో అన్నలు తమ్ముణ్ణి పరదేశులకు అమ్మేసిన కథ విని అప్పటికి వారమే అయింది. ఇతన్నీ అలాగే చేతులు కట్టి తీసుకుపోయారనుకున్నాను.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, "ప్రార్థన మనవులున్నవాళ్ళు చెప్పండి" అనగానే నా కొత్త ఎర్ర జెర్సీలోనే లేచి నిలబడ్డాను.

"మా ఆటగాణ్ణి అమ్మేసినారు అయ్యగారూ. ఆయన మళ్ళీ వాళ్ళమ్మ దగ్గరికి రావాలని ప్రార్థన చేయండి."

చర్చి అంతా నవ్వింది. పాస్టరుగారూ నవ్వారు. "పనికి పోయినాడు పాపా, ఆడ బాగానే ఉండాడులే" అన్నారు.

నర్సు ఉద్యోగం కోసం ఒంగోలు నుంచి ఒంటరిగా ఈ ఊరొచ్చిన మా అమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళు మూసుకుని, అందరికీ వినపడేలా "ఆమెన్" అంది.

టీవీలో మ్యాచ్ పెడితే లేచి వెళ్ళిపోయే అమ్మకి ఆ ఆటగాడంటే అంత ఇష్టమా అని చాలా ఏళ్ళు ఆశ్చర్యపోయాను.