పటాలం సంచికి చిల్లులెందుకు

మొన్న కామారెడ్డిలో మా మనవరాలు కాలేజీకని కొత్త సంచి కొనుక్కొచ్చి మంచం మీద పడేస్తే, ఊరికే కూర్చోలేని ప్రాణం కదా, కళ్ళజోడు పెట్టుకుని దాని జేబులూ జిప్పులూ అన్నీ తడిమి చూసి, భుజం పట్టీకి కుట్టిన ఈ చిన్న కొక్కెం దేనికే అని అడిగాను. ‘ఏమో అమ్మమ్మా, ఊకెనే ఉంటది’ అని ఫోనులో మునిగిపోయింది. ఊరికే ఎందుకుంటుంది? ఎవరో పనిగట్టుకుని కుట్టారంటే దానికో పని ఉండి తీరాలని నమ్మిన ఇంట్లో పుట్టినదాన్ని నేను. నా ఈడు వాళ్ళకు ఈ చాదస్తం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

మాది ఎల్లారెడ్డి పక్కన పల్లె. పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో నాకు పదకొండో పన్నెండో ఏళ్ళు. ఇంట్లో చెప్పకుండా పటాలంలో చేరిన మా అన్న, బర్మా దిక్కు వెళ్ళి, కుడిచేతి వేళ్ళు పోగొట్టుకుని, ఒక ఎండాకాలం కామారెడ్డి స్టేషనులో రైలు దిగాడు. అమ్మానాన్నల్ని మేం అవ్వా బాపూ అనేవాళ్ళం. బాపు బండి కట్టుకుని వెళ్ళి తీసుకొచ్చాడు గానీ దారి పొడుగునా ఒక్క మాటా లేదట. ఇంటికొచ్చాకా అంతే. పెడితే తినేవాడు, లేకపోతే అడిగేవాడు కాదు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. పొలం వైపు కన్నెత్తి చూడలేదు. వేళ్ళు పోతే పోయాయి, నా కొడుకు మళ్ళీ మనిషవుతాడా అని మా అవ్వ చాటుగా కళ్ళు తుడుచుకునేది.

అన్నతోపాటు వచ్చిన ఆస్తల్లా ఒక వీపు సంచి. మందపాటి ఖాకీ గుడ్డ, ఇత్తడి బిళ్ళలు, ఎటు చూసినా పట్టీలు. దాన్ని మేకుకు తగిలించి మళ్ళీ ముట్టలేదు. యుద్ధం సంగతి అడిగే ధైర్యం ఎవరికీ లేదు గనుక ఇంటిల్లిపాదీ ఆ సంచి సంగతే మాట్లాడుకునేవాళ్ళం. పక్క అరలు చుట్టలకూ అగ్గిపెట్టెకూ అని మా మేనమామ తేల్చేశాడు. ఆయనకు లోకంలో ఏ అర కనబడినా చుట్టలకే. పైనున్న కొక్కెం లాంతరు తగిలించడానికని అవ్వ, కాదు చెప్పులకని నేను. అడుగున ఇత్తడి అంచు వేసిన చిల్లులు మాత్రం ఎవరికీ కొరుకుడు పడలేదు. సంచికి ఎవరైనా కావాలని చిల్లులు పెడతారా?

మిరుగం, అదే మృగశిర కార్తె, వచ్చి నాలుగు చినుకులు పడ్డాక బాపుకు ఆ రహస్యం తెలిసిపోయింది. అవి నీళ్ళు పోవడానికే, కాబట్టి అది వడ్లు మొలక కట్టే సంచే అన్నాడు. నానబెట్టిన విత్తనాన్ని గోనెలో బిగించి, గడ్డి కప్పి, పైన బండ పెడితే ఆ వేడికి మొలకొస్తుంది కదా, ఆ పట్టీలన్నీ బిగించడానికే అని ఆయన వాదన. ‘వాని సంచి ముట్టకు, ఏమన్న అనుకుంటడు’ అని అవ్వ మొత్తుకుంటే, ‘పటాలపోళ్లు అన్నం తినరా? నారు వోసుకోరా?’ అని కొట్టిపారేశాడు. ఆ ఏటి విత్తనం అందులో పోసి, కొట్టం వెనక గడ్డికింద పెట్టాడు.

మూడో పొద్దున మేకు ఖాళీగా ఉండడం అన్న చూశాడు. ఇల్లంతా వెతుక్కుంటూ కొట్టం వెనక్కి వెళ్ళాడు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, విసిరికొడతాడనే అనుకున్నాం. అన్న బండ దొర్లించి, ఎడమచేత్తో పట్టీలు ఊడదీశాడు. లోపలినుంచి వెచ్చగా ఆవిరి వచ్చింది, తెల్లటి మొలకలు. చేతిని మణికట్టుదాకా వడ్లలో పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత, ‘గీ పట్టీ గిట్ల గాదే బాపూ, కిందికెల్లి తెచ్చి బిగియ్యాలె’ అన్నాడు.

బాపు ఆ అదను వదల్లేదు, అడుగున ఉన్న చిల్లులు చూపించాడు. ‘మరి గా పొక్కలు దేనికిరా?’

‘వాగులు దాటేటప్పుడు సంచి మునుగుతది. నీళ్లు పోకుంటే ఆ బరువుకు మనిషే మునుగుతడు. నా పక్కన నడిచేటోని సంచి పొక్కలు బురదతోని మూసుకపోయినయి బాపూ. వాన్ని పట్టుకుందామంటే అప్పటికే నా కుడిచేతికి వేళ్లు లేవు.’

అన్న ఏడుస్తుంటే చూడడం నాకదే మొదలు. బాపు పక్కనే గొంతుక్కూర్చుని వీపు నిమిరాడు. ఏడుపు తగ్గాక మెల్లగా, ‘నీళ్లు పోయెటందుకే అంటివి గద. మరి నేను జెప్పిందేంది?’ అన్నాడు. అన్న కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందో ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ పూటే అన్న సంచిని భుజాలకు వేసుకుని నారుమడికి వెళ్ళాడు. అలవాటు లేని ఎడమచేత్తో చల్లాడు కాబట్టి నారు ఒకచోట ఒత్తుగా, ఒకచోట బట్టతలలా వచ్చింది. మేనమామతో సహా ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ తర్వాత అన్న జీవితాంతం ఎడమచేత్తోనే వ్యవసాయం చేశాడు, చక్కగా చేశాడు.

ఆ కాలమే గొప్పదని నేననను, మా అన్న వేళ్ళు పోయింది ఆ కాలంలోనే. ఇప్పుడు మనసు బాగాలేదంటే చూసే డాక్టర్లున్నారు, సంతోషమే. కానీ ఎదుటి మనిషి నోరు విప్పేదాకా పక్కన కూర్చుని, పట్టీల గురించీ కొక్కేల గురించీ పిచ్చి ప్రశ్నలు వేస్తూ కాలక్షేపం చేసే ఓపిక మనలో తగ్గిందనిపిస్తుంది. ఆ తర్వాతి ఏళ్ళలో ఆ సంచి మీది ఒక్కొక్క పట్టీ, ఒక్కొక్క బిళ్ళ గురించీ అడిగితే అన్న ఒక్కొక్క నేస్తం సంగతి చెప్పేవాడు. మాకు యుద్ధమంతా అలాగే తెలిసింది. వాగులో పోయినవాడికీ ఒక ఇల్లు ఉండే ఉంటుంది, పొద్దుగూకితే వాకిట్లో నిలబడి ఎదురుచూసే ఒక చెల్లెలు ఉండే ఉంటుంది. నాకు అడగడానికి మా అన్న దక్కాడు.