నన్నూ కలిపి బేరమాడు

కాపురానికి వచ్చిన నాటి నుంచీ మేకలే లోకంగా బతికిన నానమ్మ, చలికాలంలో దొడ్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఇక మేకలొద్దని కొడుకు ఖరాఖండిగా చెప్పాడు. వేసవి సెలవులకు పిల్లల్ని దింపడానికి వచ్చినవాడు, ఆమెను అడక్కుండా మేకల వ్యాపారిని కూడా పిలిపించాడు.

వ్యాపారి వ్యాన్ వచ్చి ఆగేసరికి మనవరాళ్లిద్దరూ మేకపిల్లలకు సీసాతో పాలు పడుతున్నారు. సంగతి తెలిసి చిన్నది బావురుమంది. నానమ్మ మాత్రం చేతికర్ర ఊతంగా నడిచి వెళ్లి, వ్యాన్ వెనక తలుపు తీయించి, ఎక్కి కూర్చుంది.

“అమ్మా, ఇదేం పని? దిగు,” అన్నాడు కొడుకు.

“అవెక్కడికి పోతే నేనూ అక్కడికే. నన్నూ కలిపి బేరమాడు.”

“నీ మంచికేగా చెప్పేది.”

“విరిగింది కాలురా, నోరు కాదు. నా మంచేదో నన్నొక్కసారైనా అడిగావా?”

ఈలోగా మనవరాళ్లూ ఎక్కేశారు, చంకలో చెరో మేకపిల్లతో. వ్యాపారి నవ్వాపుకోలేక, “ఇంతమందిని నేను మేపలేను బాబూ,” అన్నాడు.

ఎండ నడినెత్తికొచ్చినా ఆమె దిగలేదు. చివరికి కొడుకే చెయ్యి అందించాడు.

“సరే, దిగు. దొడ్లో జారకుండా ఇసుక పోయిస్తాలే.”

“పోయించు,” అంది నానమ్మ. పిల్లలు దిగాకే తను దిగింది.

ఎండ చల్లబడ్డాక, కొడుకు చూస్తుండగానే, మనవరాళ్లు చెరోపక్కా నడుస్తుంటే మేకల్ని తోలుకుని చేలవైపు సాగిపోయింది.