సగం మెట్టు కూడా లేని చప్పుడు

కంటిలో పొర తీయించుకోమంటే అమ్మ ఆరు నెలలుగా వినడం లేదు. కృష్ణగిరి ఆసుపత్రిలో తేదీ ఇచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: "నేను లేకుంటే గొర్రెలు నీళ్లు తాగవు పాపా." అది సాకేమీ కాదు. తొట్టి దగ్గర అమ్మ ముందు గట్టిగా కేక వేస్తుంది. అవి వచ్చి చేరాక నాలుకతో మెల్లగా చప్పరిస్తుంది. అది వింటేనే నీళ్లలో మూతి పెడతాయి. నాన్న చప్పరిస్తే తలెత్తి ఆయన మొహం చూస్తాయి.

మూకండపల్లిలో ఒక చిన్న యూనిట్‌లో సౌండు బోర్డులు పరీక్షించడం నా పని. ఇదెంత పని అనుకుని, ఒక బోర్డులో అమ్మ కేకా, చప్పరింపూ రికార్డు చేసి, ఆదివారం స్పీకరుతో సహా తొట్టి పక్కన పెట్టాను. కేక మోగింది. గొర్రెలు పరిగెత్తుకొచ్చాయి. ఆ తరువాత స్పీకరు కిక్కురుమనలేదు. అవీ మూతి పెట్టలేదు.

"చూసినావా? నేను ఆ పొద్దే చెప్పినాను," అంది అమ్మ.

నాకు ఒళ్లు మండింది. తప్పు నాదే కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండింది.

యంత్రం శబ్దాన్ని ఉన్నది ఉన్నట్టు దాచుకోదు. క్షణక్షణం దాని ఎత్తు కొలిచి, దగ్గరలో ఉన్న మెట్టు మీద కూర్చోబెడుతుంది. మెమరీ మిగులుతుందని నేను ఒక్కో కొలతకు నాలుగు బిట్లే ఇచ్చాను, అంటే పదహారు మెట్లు. కేక ఆ మెట్లన్నీ ఎక్కి దిగింది. చప్పరింపు ఎత్తు ఒక మెట్టులో సగం కూడా లేదు, అందుకే దాన్ని సున్నా కింద రాసేసుకుంది. యూనిట్‌లో మాకున్న అలవాటే కొంప ముంచింది: గట్టి శబ్దం పెట్టి చూసి, ఓకే అని సంతకం చేసేస్తాం.

ఒక్కో బిట్టుకూ మెట్లు రెట్టింపవుతాయి. ఎనిమిది బిట్లు చేస్తే రెండు వందల యాభై ఆరు మెట్లు వచ్చాయి. మరుసటి ఆదివారం అమ్మను ఇంట్లోనే కూర్చోబెట్టి స్పీకరు పెట్టాను. కేక, ఆ వెంటనే మెత్తగా చప్పరింపు. ఒకటి తరువాత ఒకటి అన్నీ తాగాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

లోపలికి వెళ్లి అమ్మకు చెప్పాను.

"అన్నీ తాగినాయా?"

"అన్నీ తాగినాయమ్మా."

"అయితే ఆసుపత్రికి పోదాం పద. రెండేండ్లాయ, ఏ గొర్రె ఏదో నాకు కనపడక. అడుగుల చప్పుడుతోనే గుర్తు పడతాండా. ఈ మాట మీ నాయనకు చెప్పొద్దు."