నీడ మనవైపు పడాలి

మా మేనత్త ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఆఫీసు మెట్లెక్కడానికే మోకాళ్ళు పట్టుకుని రెండుసార్లు ఆగేది. అలాంటి మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు భూమిని ఆకాశంలోంచి చూస్తూ బతికింది.

అంతరిక్షంలో తిరిగే వ్యోమగాములు తీరిక దొరికినప్పుడు కిటికీలోంచి ఫోటోలు తీస్తుంటారు. తీసిన వేళ నమోదవుతుంది గానీ, కెమెరా ఎటు తిప్పారో, అందులో పడింది ఏ నదో వాళ్ళకే గుర్తుండదు. అవన్నీ మా ఆఫీసుకి వస్తాయి. ఫలానా నది, ఫలానా కొండ అని గుర్తుపట్టి, కనిపించింది కింద రెండు ముక్కల్లో రాసి, ఎవరైనా చూసుకునే జాబితాలో పెట్టడం అత్త పని. నేను కాలేజీ మధ్యలో వదిలేసి, ఇంట్లో అందరి చేతా చీవాట్లు తిని, పరీక్ష రాసి అదే గదిలో చేరాను. అప్పటికి మూడేళ్ళయింది.

నడక చూసి మనిషిని పోల్చుకున్నట్టు అత్త నదుల్ని పోల్చుకునేది. "ఈవిడ మళ్ళీ పక్క మార్చిందిరా, పోయినేడు ఈ ఇసుకలో లేదు" అనేది, పక్కింటావిడ గురించి చెప్పినట్టు.

మా గదిలో రెండు నియమాలుండేవి. మొదటిది, ఫోటోని నీడలు మనవైపు పడేలా తిప్పుకుని చూడాలి. నీడ అవతలికి పడితే కన్ను మోసపోతుంది. గుట్ట గుంతలా, గుంత గుట్టలా కనిపిస్తుంది. రెండోది, ప్రతి ఫోటోనీ ఇద్దరు విడివిడిగా చూసి, ఒకరు రాసింది ఇంకొకరు చూడకుండా రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. రెండో మనిషిని నేనే. నిజం చెప్పాలంటే, ఏడాదిగా నేను చూడడం మానేశాను. అత్త రాసిందే దించి సంతకం గీకేవాణ్ణి.

"ఈ ఫోటోలు సైన్యానికి పనికొస్తాయటగా?" అని ఎవరైనా అడిగితే అత్త నవ్వేసేది. "వాళ్ళకి వాళ్ళ కళ్ళున్నాయి. ఇవి అంత దూరాన ఇంటిమీద బెంగపెట్టుకున్నవాళ్ళు తీసుకున్నవి. వీటివల్ల చీమకి కూడా హాని లేదు."

ఆమె రిటైర్మెంటుకి మూడు వారాలుందనగా ఒక ఉదయం సైన్యం నుంచి ఒకాయన వచ్చాడు. మామూలు బట్టల్లోనే ఉన్నాడు, బూట్లు మాత్రం తళతళలాడుతున్నాయి. ఆ చలికాలం సరిహద్దులో పరిస్థితి బాగాలేదు. ఆయన ఒక ఫోటో కాగితం బల్లమీద పెట్టాడు.

"దీని కింద రాసింది మీరేనా అమ్మా?"

"నేనే. ఏం, నది పేరు తప్పా?"

"నది సరే. 'ఒడ్డున వరసగా గుండ్రటి గుంతలు, ముప్పై నాలుగు' అన్నారు. గుంతలేనా?"

"ఎందుకండీ?"

"అది సరిహద్దుకి అవతలి ఒడ్డు. గుంతలైతే ఫిరంగుల కోసం తవ్వినవని మావాళ్ళ అనుమానం."

"మీ దగ్గర ఇంతకంటే మంచి ఫోటోలుంటాయిగా?"

"ఉంటాయి. పది రోజులుగా అక్కడ మబ్బు. తెరిపిచ్చిన ఆ కాస్సేపట్లో మా ఉపగ్రహం అటు పోలేదు. మీ వ్యోమగామి ఎవరో కిటికీ దగ్గరున్నాడు. రేపటికల్లా మేం తేల్చుకోవాలి."

"గుంతలే అయితే?"

ఆయన ఫైలు మూశాడు. "ఉండనివ్వరు."

అత్త కళ్ళజోడు తుడుచుకుంది. కాగితాన్ని మెల్లగా సగం చుట్టు తిప్పింది. నేను పక్కనుంచి వంగి చూశాను. నా కళ్ళముందే ఆ గుంతలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. కోసిన పొలాల అంచున ముప్పై నాలుగు గుండ్రటి కుప్పలు!

ఏం జరిగిందో మా ఇద్దరికీ తెలిసిపోయింది. కొత్తగా వచ్చిన యంత్రం ఫోటోల్ని ఉత్తరం పైకొచ్చేలా తిప్పి ఇస్తోంది. ఆ చలికాలపు ఎండకి నీడలు ఉత్తరానికి, అంటే అవతలికి పడ్డాయి. అత్త తిప్పుకోకుండా రాసేసింది. నేనైతే చూడనే లేదు.

"స్పష్టంగా లేదని చెప్పెయ్ అత్తా," అన్నాను ఆమె చెవి దగ్గర. "మనమీదికి రాదు."

"స్పష్టంగానే ఉందిగా" అని ఆయన వైపు తిరిగింది. "గుంతలు కావు బాబూ. గడ్డివాములు. తప్పు నాది."

ఆయన మొహం బిగుసుకుంది. "నిన్నటిదాకా గుంతలు, నేను రాగానే గడ్డివాములా? అవతల మీకు చుట్టాలెవరైనా ఉన్నారా?"

"గడ్డి తినే చుట్టాలైతే లేరు. ఇటు చూడండి. ఈ వంతెన నీడ నీళ్ళమీద ఎటు పడింది? ఈ చుక్కల నీడా అటే, అంచు దాటి బయట నేలమీద పడింది. గుంతైతే నీడ లోపలే ఉండిపోవాలి, ఎండొచ్చే అంచు కింద."

ఆయన భూతద్దం తీసుకున్నాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"రాసివ్వండి," అన్నాడు చివరికి.

అత్త రాసింది. ఎవరిమీదికీ నెట్టలేదు. 'నేను తిప్పి చూడలేదు' అనే రాసింది. తర్వాత కాగితం నావైపు జరిపింది. "నువ్వూ పెట్టు. ఈసారి చూసి పెట్టు."

నాకు తల కొట్టేసినట్టయింది. చూసే పెట్టాను.

ఆయన వెళ్ళిపోయాడు. ఆ కాగితం ఎవరు చదివారో, అసలు చదివారో లేదో మాకు ఎవరూ చెప్పలేదు. పేపర్లలో ఆ ఒడ్డు గురించి ఒక్క ముక్క లేదు. ఆఫీసు మాత్రం ఇద్దరికీ మెమో ఇచ్చింది. అత్త అన్నం సగంలో వదిలేసి లేచిపోయేది. "చీమకి కూడా హాని లేదని చెప్పుకుని తిరిగానురా" అని ఒకసారి అంది.

కొత్త ఫోటోలు రాగానే ముందు ఆ ఒడ్డు కోసమే వెతికేవాళ్ళం. రెండుసార్లు మబ్బు. మూడోసారి, ఆమె ఇంకొక్క రోజులో వెళ్ళిపోతుందనగా, ఆ నది తేటగా కనిపించింది.

అత్త దాన్ని అచ్చు తీసి, నీడలు తనవైపు పడేలా తిప్పుకుంది. లెక్కపెట్టింది. పదకొండే ఉన్నాయి.

నేను ఫోటో మీదికి వంగాను. "మిగతావేవి? కాల్చేశారా? నల్లగా ఏమైనా ఉందా?"

ఆమె భూతద్దాన్ని ఒక్కో వరస మీదా జరుపుతూ పోయింది.

"నలుపు లేదురా. నేలమీద లేత పసుపు మచ్చలున్నాయి, గుండ్రంగా. ప్రతి వరసా దారి వైపు నుంచే తరిగింది. పశువులకి వేసుకుంటున్నారు."

కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత కలం తీసి కాగితం మీద ఏదో రాసింది. నేను మెడ చాచేలోగా రాసినదాన్ని అరచేత్తో కప్పేసింది.

"చూడకు," అంది, ఫోటో నావైపు తోస్తూ. "నీది నువ్వు విడిగా రాయి."