చివరిసారి ఎవరు చూసిండ్రు?

మొన్న రాయచూరులో పంటి డాక్టరు నా దవడ పన్నును మరతో తొలుస్తుంటే, కాలిన కొమ్ము వాసన లాంటిదొకటి గుప్పున ముక్కుకు తగిలింది. మత్తు సూది ఇచ్చాడు కాబట్టి నొప్పేమీ లేదు. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరు కంగారుపడి మర ఆపేశాడు. పాపం, అతని తప్పేమీ లేదు. అది నాకు తాయమ్మ మేడమ్ గది వాసన. పన్ను తొలిచి పొడి తీసిన రోజున ఆ గదంతా అదే వాసన. పని ముగించి చేతులు కడుక్కుని ఆవిడ పక్క గదిలో జొన్నరొట్టె మూట విప్పి, "రా పిల్లా, తిందాం" అని పిలిచేది. చేరిన కొత్తలో నాకు ముద్ద దిగేది కాదు. తర్వాత తర్వాత ఆవిడ రొట్టెలో సగం నాదే అయింది.

పేరు తెలియకుండా పోయిన మనుషులకు పేరు వెతకడం మా పని. ఎవరూ రాని శవాన్ని పోలీసులు పాతిపెడతారు, ఒక పన్నో ఎముకో దాచి ఉంచుతారు. అందులోంచి డీఎన్‌ఏ తీసి, బతికున్నవాళ్లు ఇష్టపడి ఇచ్చిన నమూనాలతో పోల్చి చూస్తాం. ఎక్కడైనా చుట్టరికం తగిలితే ఆ వంశవృక్షం గీసుకుంటూ, కొమ్మ కొమ్మా దిగుతూ ఒక ఇంటి గడప దగ్గర ఆగుతాం. వేరే దేశాల్లో జనం తమ పూర్వీకులెవరో తెలుసుకోవాలని సరదాకి ఉమ్మి పంపిస్తారట. మనకు ఆ సరదా లేదు. అందుకని మేడమే ఊరూరా తిరిగి, మనిషి తప్పిపోయిన ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి, పుల్లకు చుట్టిన దూదితో చెంప లోపలి తడి అడిగి తీసుకునేది.

ఆవిడ తెలంగాణ సరిహద్దు పల్లెలో కూలి చేసుకునేవాళ్ల ఇంట్లో పుట్టింది. పెద్ద గొంతు, పెద్ద బొట్టు. డాక్టరేటు వచ్చినప్పుడు కాస్త నాజూకైన పేరు పెట్టుకోమని ఎవరో సలహా ఇస్తే, "మా అవ్వ తాయమ్మా అని పిలిస్తే అప్పుడెవరు పలుకుతరు?" అందట. నాది సింధనూరు దగ్గర కాలువ కింద క్యాంపు. మా తాతలు కోస్తా నుంచి వరి పండించుకోవడానికి వచ్చినవాళ్లు. పనిలో చేరిన రోజు మేడమ్ నా చదువు సంగతి ఒక్కటీ అడగలేదు. "మీ తాత అక్కను ఎవరికిచ్చిండ్రు?" అంది.

"తెలియదండీ."

"సొంత చుట్టాలు తెల్వవు. పరాయోళ్ల చుట్టాల్ని ఏం వెతుకుతవు?"

ఒళ్లు మండింది. అయినా సాయంత్రం నాయనమ్మకు ఫోన్ చేసి మా వంశమంతా అప్పజెప్పించుకున్నాను. మేడమ్‌తో పని చేయడం సుఖమని అబద్ధం చెప్పను. నమ్మకం కుదిరేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టేది కాదు. పోలీసులు ఆవిడ పేరు చెబితే తల పట్టుకునేవాళ్లు. ఆ మొండితనం విలువ నాకు అరకేర అనే పల్లెలో తెలిసింది.

శక్తినగర్ దగ్గర కృష్ణలో, పుణె నుంచి వచ్చే రైళ్లు దాటే వంతెనకు దిగువన, ఇసుకలో ఒక మగమనిషి ఎముకలు ఎప్పుడో దొరికాయి. ఎవరో తేలలేదు. ఆ తర్వాత మేము అరకేరలో నమూనాలు తీసుకున్నప్పుడు లక్ష్మి అనే కాలేజీ పిల్ల తనంత తానే వచ్చి ఇచ్చింది. వాళ్ల చిన్నాయన రామన్న పుణెకు కట్టడం పనికి పోయి తిరిగి రాలేదు. ఆయన భార్య నర్సమ్మ అదే ఇంట్లో ఎదురుచూస్తోంది. లక్ష్మి నమూనా, ఇసుకలో దొరికిన మనిషి పన్ను కలిశాయి. బాబాయికి ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువే కలిశాయి. ఎక్కువైతే మంచిదేగా అనుకున్నాం అందరం. "సాకు బిడి మేడమ్, ఇంక చాలు, మూసేద్దాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మేడమ్ ఒక్కతే ఆ ఎక్కువ దగ్గర ఆగిపోయింది.

మేము అరకేర చేరేసరికి కబురు మాకంటే ముందే చేరిపోయింది. వాకిలి నిండా ఆడవాళ్లు. నర్సమ్మ గోడకు ఆనుకుని, ఒక చేత్తో రెండో చేతి గాజులను గట్టిగా పట్టుకుని కూర్చుంది. మేడమ్ చెప్పులు కూడా విడవలేదు.

"ఎవరు చెప్పిండ్రు మీకు? నేనింకా సంతకం పెట్టలే. అప్పటిదాక ఈమె గాజులు ఎవరన్న ముట్టుకుంటే చూడుండ్రి!" అని కేకేసింది. తర్వాత నర్సమ్మ పక్కనే చతికిలబడి, లక్ష్మిని పిలిచి మెత్తగా అడిగింది. "మీ అమ్మను ఏ ఇంట్ల నుంచి తెచ్చుకుండ్రు బిడ్డా?"

"మా మేనత్త బిడ్డనే మేడమ్. నాయన అక్క కూతుర్నే చేసుకున్నడు. చిన్నాయన గూడ గంతే. అమ్మ, నర్సమ్మ చిన్నమ్మ సొంత అక్కచెల్లెండ్లు."

"వాళ్లకు అన్నదమ్ములు?"

"భీమన్న మామ ఒక్కడే. చిన్నాయన, మామ కలిసే పోయిండ్రు పనికి. చిన్నాయన కనవడకుంటయినంక, మొకం చూపలేక మామ పుణెల్నే ఉండిపోయిండంట. ఫోన్ గిట్ల ఏం చెయ్యడు. అవ్వ ఆయన్ను తిట్టని దినం లేదు."

"భీమన్నను చివరిసారి ఎవరు చూసిండ్రు?"

అతను పుణెలోనే ఉన్నాడని ప్రతివాళ్లకూ ఇంకెవరో చెప్పారు. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

తిరిగి వస్తూ జీపులో మేడమ్ నాకు విడమరిచి చెప్పింది. అన్నదమ్ములిద్దరూ తమ అక్క కూతుళ్లనే చేసుకోవడం వల్ల, ఆ పిల్లకు చిన్నాయన ఎంత దగ్గరో మేనమామా అంతే దగ్గర. వెంట్రుకవాసి తేడా ఉండదు. "ఆ కంప్యూటర్‌కు మేనరికం తెల్వదు. మనకు గూడ తెల్వకుంటే ఎట్ల పిల్లా?" అంది. ఇక అనుమానం మిగలకుండా తేల్చగలిగినది లక్ష్మి చెప్పిన అవ్వ, ఎల్లమ్మ ఒక్కతే. రామన్నకు అక్క, భీమన్నకు తల్లి. లింగసుగూరు దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటోంది. తమ్ముడి కోసమని చెప్పి తడి తీసుకుంటే సరిపోతుంది, కొడుకు మాట ఎత్తి ముసలామెను బెదరగొట్టడం ఎందుకన్నాడు ఇన్‌స్పెక్టరు. నాకూ సబబే అనిపించింది. మేడమ్ మండిపడింది. "చెప్పకుంట తీసుకుంటే అది దొంగతనం."

మేము వెళ్లేసరికి ఎల్లమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. వచ్చిన పని సగం చెప్పగానే చేట ఆపింది.

"నేనియ్యకుంటే నా తమ్ముడు బతికుంటడు గద బిడ్డా?"

"తమ్ముడే అని కాదు అవ్వా. నీ కొడుకు గూడ కావచ్చు."

"వాడా?" ఎల్లమ్మ నవ్వింది. "వానికేమైతది? పెండ్లాం పిల్లలతో మస్తుగుంటడు ఆడ. తల్లిని మర్చిపోయినోనికి సావొస్తదా?"

మేడమ్ చేటలోని కందుల్లో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఎల్లమ్మ కూడా ఏరింది. రాళ్లన్నీ ఏరాక చేట పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, తానే నోరు తెరిచింది.

ఫలితం వచ్చిన రోజు మేడమ్ నన్ను తెర ముందు కూర్చోబెట్టింది. "చూడు. అక్కకు తమ్మునికి ఆడాడ కలుస్తది, ఆడాడ తెగుతది. తల్లికి కొడుక్కు ఈ కొస నుంచి ఆ కొసదాక కలుస్తది." తెర మీద ఎక్కడా తెగలేదు. తన అనుమానమే నిజమైనా ఆ ముఖంలో గెలిచిన కళ లేదు. ఆ రోజు రొట్టె మూట విప్పలేదు.

చెప్పడానికి వెళ్లినప్పుడు నర్సమ్మ కూడా తల్లి దగ్గరే ఉంది. విన్నాక ఎల్లమ్మ ఏడవలేదు. మేడమ్ ముఖంలోకి చూస్తూ, "ఇన్నేండ్లు సచ్చినోణ్ణి తిట్టిన్నా బిడ్డా?" అంది.

మేడమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "బతికున్నడని తిట్టినవు అవ్వా."

"అయితే వాడు నన్ను మర్చిపోలే."

"లేదవ్వా. మర్చిపోలే."

రుజువు లేని మాట ఆవిడ అనగా నేను విన్నది ఆ ఒక్కసారే. అప్పుడు ఏడ్చింది ఎల్లమ్మ. తన తమ్ముడు భీమన్న కోసం నర్సమ్మా ఏడ్చింది, ఏడుస్తూనే మా ఆయన సంగతేందని అడిగింది. "తెల్వదు బిడ్డా. వెతుకుతం" అంది మేడమ్. ఓదార్పు కోసం ఇంకో మాట కలపలేదు. నర్సమ్మ గాజులు ఇప్పటికీ చేతికే ఉన్నాయి. పేరు లేని మనిషి ఎవరు మా దగ్గరికి వచ్చినా ముందు వాళ్లింటి నమూనాలతో పోల్చి చూస్తాం.

నిరుడు మేడమ్ పోయింది. ఊరూరా తిరిగే పని ఇప్పుడు నాది. ఆవిడ గొంతు నాకు లేదు, ధైర్యమూ అంత లేదు. కానీ ఏ ఇంటికి వెళ్లినా, తప్పిపోయినవాళ్ల గురించి అంతా అడిగాక ఇంకొకటి అడుగుతాను. మీ ఇంట్లో ఎవరి మీదైనా కోపంగా ఉన్నారా, మాటలు మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. కొందరు చిరాకుపడతారు. నీకెందుకమ్మా అంటారు. నేను మంచినీళ్లు అడిగి, కదలకుండా కూర్చుంటాను. కాసేపటికి ఎవరో ఒకరు లోపలికి వెళ్లి ఫోన్ తెస్తారు. చాలాసార్లు అవతల గొంతు పలుకుతుంది. పలకగానే ఇవతలివాళ్లు తిట్లు లంకించుకుంటారు, అవతలివాళ్లూ తగ్గరు. అలా వాకిలి దద్దరిల్లేలా తిట్టుకుంటుంటే, గ్లాసు పట్టుకుని, ఒక్క మాట కూడా వదలకుండా వింటూ కూర్చుంటాను.