పట్టాలు లేని గేటు

వేస్తారు అన్న మాటను ఇస్తారు అని మోసుకెళ్లిన మూర్ఖుణ్ని నేను. అప్పుడు నేను ఎనిమిదో తరగతి, తెలుగులో క్లాసుకు ఫస్టు. ఈ రెండో సంగతి దాచుకుంటే నాకు కాస్త గౌరవంగా ఉండేది. కానీ అది చెప్పకపోతే మొదటిదాని బరువు తెలియదు.

మా ఊరు గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలవబోయే చోట, పత్తిచేలకూ మిరపచేలకూ మధ్యన ఉంటుంది. మీటర్ గేజి రైలు నడిచినన్నాళ్లూ ఊరి పక్కనుంచే వెళ్లేది. దాన్ని పెద్ద లైనుగా మార్చేటప్పుడు దారిలో ఉన్న వంకర తీసేయాలని లైనును రెండు మైళ్లు అవతలికి జరిపారు. ఆ వంకర మేమే. పాత ఇనుమంతా పీకి బండ్లకెత్తుకుపోయారు. మట్టికట్ట ఒక్కటీ మాకు వదిలేశారు.

దారి చెప్పడానికి మాకున్న గుర్తులన్నీ ఆ రైలు వదిలేసి పోయినవే. చెయ్యి స్తంభం ఉండేది. బండి వచ్చే ముందు వాలే ఇనుప చెయ్యి ఆఖరి రోజున వాలి మళ్లీ లేవలేదు. ఏనుగు తొండం ఉండేది. ఒకప్పుడు బొగ్గింజన్లకు నీళ్లు పోసిన వంకర గొట్టం అది. మిరపచేనుకు కూలీలు కావాలంటే "తొండం దగ్గరికి రండి" అని కబురు పెట్టేవారు. ఇక గేటు. రోడ్డూ రైలూ కలిసే చోట అడ్డంగా వాలే కర్ర ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. అయినా బస్సు కండక్టరు "గేటు, గేటు" అని అరిచేవాడు, జనం దిగేవారు. లేని గేటు దగ్గర అంతమంది దిగడం చూసి కొత్తవాళ్లు తికమకపడేవారు.

నాకు మాత్రం రైలు పోయిందని నమ్మకం కుదరలేదు. ఇనుము తుప్పు వదిలించడానికి తీసుకెళ్లారనీ, రంగు వేసి మళ్లీ తెస్తారనీ చాలాకాలం అనుకున్నాను. కట్ట మీద మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో, ఆ ఎర్రటి చార దూరంగా పోయి పోయి సన్నగిల్లుతుంటే, అదుగో రంగు వేశారు అనుకునేవాణ్ని.

గేటు పక్కన ఒక చిన్న గది ఉండేది. అందులో గేటు అవ్వ ఉండేది. ఆమె మొగుడు ఆ గేటు వేసి తీసిన మనిషి. క్యాజువల్ కూలీ కింద చేరి, క్యాజువల్‌గానే పోయాడు. రైలుతో పాటే ఆయనా పోయాడు కాబట్టి గది ఖాళీ చెయ్యమని చెప్పడానికి ఎవరూ రాలేదు, ఉండమని కాగితం ఇవ్వడానికీ రాలేదు. ఆమె ఊళ్లో మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్లేది. చేతులు ఎప్పుడూ మండుతూ ఉండేవి. ముక్కు దురద పెట్టినా మోచేత్తోనే రుద్దుకునేది.

ఆమెకు కావలసింది ఒకటే, ఆ గదికి పట్టా. దానికోసం మండలాఫీసుకు అర్జీలు రాసేవాణ్ని నేను. "మహారాజశ్రీ మండల రెవెన్యూ అధికారి గారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి, ఆ దివ్యసముఖానికే సగం కాగితం ఖర్చు చేసేవాణ్ని. ఆమె నన్ను "కరణం" అని పిలిచేది. అర్జీకి ఒక దోసెడు వేయించిన వేరుశనక్కాయలు. నా రాతకు దక్కిన మొదటి పారితోషికం అదే. దాని రుచి తర్వాతి వాటికి లేదు.

ఒక మాఘమాసంలో కట్ట మీదికి గొలుసులు పట్టుకుని ముగ్గురు మనుషులు వచ్చారు. కొలిచారు, రాసుకున్నారు, తొండం నీడలో కూర్చుని అన్నం క్యారియర్లు విప్పారు. నేను ధైర్యం చేసి ఏం కొలుస్తున్నారని అడిగాను. వాళ్లలో ఒకాయన పెరుగన్నం నోట్లో పెట్టుకుంటూ, ఇక్కడ పట్టాలు ఏస్తారేమో చూడమన్నారబ్బాయ్ అన్నాడు. ఆ పెరుగన్నంలోంచి నా చెవికి చేరింది పట్టాలు అన్న మాట ఒక్కటే. మిగతాది నేనే పూరించుకున్నాను. ఖాళీలు పూరించడంలో నాకు ఎప్పుడూ అయిదుకు అయిదు వచ్చేవి.

"అవ్వా, పట్టాలిస్తారంట" అని గేటు దాకా అరుచుకుంటూ పరిగెత్తాను.

ఆమె ఆ రోజు కూలికి పోలేదు. గది గోడకు సున్నం కొట్టింది. ఆఫీసర్లు వచ్చి చూస్తే శుభ్రంగా ఉండాలంది.

సరిగ్గా ఆ వారంలోనే బడి వరండాలో కాలనీ ఇళ్ల స్థలాలకు పేర్లు రాసుకుంటున్నారు. శనివారం ఆఖరు. ఇంకోచోట పట్టా ఉన్నవాళ్లు రావద్దని దండోరా వేయించారు. అవ్వ పేరు వాళ్లు అడక్కుండానే జాబితాలో రాయబోయారట. ఆమే ఆపింది. తన గదికి పట్టా వస్తోందనీ, ఆ స్థలం ఇంకెవరికైనా గూడు లేనివాళ్లకు ఇమ్మనీ చెప్పింది. పక్కన కుర్చీలో ఊరి పెద్దాయన కూర్చుని ఉన్నాడు. రైలు కట్టను ఆనుకుని ఉన్న మిరపచేను ఆయనదే. పట్టా వస్తోందని ఎవరు చెప్పారని ఆయన నవ్వుతూ అడిగాడట. మా కరణం చెప్పాడని ఆమె గట్టిగానే చెప్పిందట.

శుక్రవారం మధ్యాహ్నం క్లాసులో ఎవడో గొలుసుల మనుషుల గురించి అడిగాడు. మాస్టారు విడమరిచి చెప్పారు. పాత కట్ట మీద మళ్లీ ఇనుప పట్టాలు వేయడానికి వీలవుతుందా అని ఊరికే చూసిపోయారనీ, అదీ అయ్యేది కాదనీ అన్నారు. నా చెవులు గూబల్లోంచి మండాయి. తొడిమలు తీసిన చేతుల్లాగా మండాయి.

ఇంకా ఒక రోజు ఉంది. నిజం చెబితే అవ్వ శనివారం బడికి వెళ్లి పేరు రాయించుకోగలదు. సాయంత్రం బడి నుంచి నేరుగా గేటుకు వెళ్లాను. ఆమె గడప ముందు కూర్చుని పేడతో అలుకుతోంది. సున్నం గోడ తెల్లగా ఎండలో మెరుస్తోంది.

"అవ్వా, ఆ పట్టాల సంగతి" అన్నాను.

"ఏమయిందిరా కరణం?"

ఆమె తలెత్తి చూసింది. నేను చెప్పవలసిన మాట నాలుగు అక్షరాలది. పొరపాటు. మాస్టార్ల ముందు లెక్క తప్పినప్పుడు కూడా నా నోట రాని మాట అది. మా కరణం చెప్పాడని వరండాలో అందరి ముందూ అన్న మనిషి దగ్గర అదెలా వస్తుంది?

"తొందర్లోనే వస్తాయంట" అన్నాను.

"రానీలే. యాడికి పోతాం మనం" అని మళ్లీ అలకడంలో పడింది. నాకు వేరుశనక్కాయలు ఇచ్చింది. తిన్నాను కూడా.

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెవి చేసిన తప్పుకు చిన్నతనం అని పేరు పెట్టుకోవచ్చు. శుక్రవారం నోరు చేసినదానికి నాకు పేరు దొరకలేదు.

పట్టాలు రాలేదు, ఏ రకానివీ రాలేదు. కాలనీలో ఇళ్లు లేచాయి. పెద్దాయన ట్రాక్టర్లు మొదట కట్ట మీది కంకర తోలుకుపోయాయి, తర్వాత మట్టి తోలుకుపోయాయి. కట్టను మింగుతూ ఆయన చేను ఏటికేడు తూర్పుకు జరిగింది. రెండు వేసవులు గడిచేసరికి గేటు గది ఒక్కటే ఒంటి పన్నులా మట్టిదిబ్బ మీద మిగిలింది. ఒకరోజు అవ్వ కూలి నుంచి తిరిగొచ్చేసరికి అదీ లేదు. పైకప్పు రేకులు ఒకచోట, ఆమె బొచ్చెలు ఒకచోట పెట్టి ఉన్నాయి. గోడలు బీటలిచ్చి కూలిపోయిందని పెద్దాయన ఊరికి చెప్పాడు. ఆ ఉదయం గునపాలతో వచ్చిన నలుగుర్ని ఊరు చూసింది. చూసి, కూలిపోయిందనే చెప్పుకుంది.

అవ్వ బస్సు షెల్టరులోకి మారింది. అది పెద్దాయన తన తండ్రి జ్ఞాపకార్థం కట్టించినది. గోడ మీద ఆ తండ్రి పేరు ఎర్రరంగుతో ఉండేది. దాని కింద ఆమె మూట ఉండేది. నేను ఇంటర్ చదువుతూ శనివారాలు వచ్చేవాణ్ని. బస్సు దిగడమంటే ఆమె ముందు దిగడమే. కొన్నిసార్లు ఒక స్టేజీ ముందే దిగి నడిచాను.

తప్పించుకోలేని ఒక శనివారం ఆమె నన్ను చూసింది. కళ్లు సరిగా ఆనడం లేదు, నడకను బట్టి పోల్చుకుంది.

"ఏమయ్యా కరణం, మన పట్టాలు ఎందాకా వచ్చాయి?"

"గుంటూరు దాటాయవ్వా."

"అయితే బండి కూడా వచ్చుద్దిలే" అని నవ్వింది. ఏ పట్టాల గురించి అన్నదో, ఎప్పటినుంచి తెలుసో, ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఆ చలికాలంలోనే, మిరపకోతల మొదటి రోజుల్లో, పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చినవాళ్లు ఆమె లేవడం లేదని చూశారు. కాష్ఠానికి కర్రలు చాలకపోతే ఎవరో కట్ట కింద దొరికిన పాత స్లీపరు చెక్క ఒకటి తెచ్చి వేశారు. రైలు ఆమెకు ఇచ్చింది అదొక్కటే.

నేను డిగ్రీ పట్టా తెచ్చుకున్నాను. మూడు రకాల పట్టాల్లో బొత్తిగా పనికిరానిది నాకు వచ్చింది. దాన్ని ట్రంకుపెట్టె అడుగున పెట్టి, రిజిస్ట్రారాఫీసు సందులో దస్తావేజులు రాసే పనిలో కుదిరాను. అవ్వ పెట్టిన పేరు అలా నిజమయింది.

కొన్నేళ్లకు పెద్దాయన ఆ సందులోకి వచ్చాడు. చేను కోల్డ్ స్టోరేజీకి అమ్ముతున్నాడు. తూర్పు హద్దు, కట్టకు అవతలున్న బండ్ల డొంక అని రాయమన్నాడు. డొంక అని రాస్తే రైలు కట్ట ఉన్న జాగా అంతా ఆయనదయిపోతుంది. పాత దస్తావేజులో రైల్వే అని ఉందండీ అన్నాను. రైలే లేదుగదయ్యా అన్నాడు. రైలు పోయినా రైల్వే పోదండీ అన్నాను. కొనేవాళ్లు కూడా అదే సరైనదన్నారు. నేను రాశాను. తూర్పు: రైల్వే వారి కట్ట, అందు గేటు అవ్వ నివాసపు గది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, చదవకుండానే సంతకం పెట్టేశాడు.

స్టోరేజీ అనుమతి కోసం వీఆర్వో స్థలం చూడ్డానికి వచ్చాడు. హద్దులు చూపించడానికి పెద్దాయన, దస్తావేజు రాసినవాణ్ని కాబట్టి సాక్షిగా నేను. పడమర అయింది, ఉత్తరం, దక్షిణం అయ్యాయి. తూర్పు దగ్గర వీఆర్వో కాగితం చదివి, గేటు అవ్వ గది ఏదండీ అని అడిగాడు.

ఎదురుగా చదునైన నల్లమట్టి. మిట్టమధ్యాహ్నం ఎండ. పెద్దాయన నా వంక చూశాడు, తర్వాత మట్టి వంక చూశాడు. చెయ్యెత్తి, అదుగో అక్కడ ఉండేదని వేలు చూపించాడు. ఊళ్లో ఎవరూ ఆయన చేత చేయించలేని పని అది.

ఏమయిందని వీఆర్వో అడిగాడు. కూలిపోయిందన్నాడు పెద్దాయన. వీఆర్వో రాసుకుంటూ పైకే చదివాడు: తూర్పు, కూలిన గది.

"ఒక వత్తు పోయిందండీ" అన్నాను. "ల కింద చ వత్తు పడాలి. కూల్చిన గది."

వీఆర్వో పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకోసాగాడు. వీఆర్వో కలం తిప్పి, ల కింద చ వత్తు పెట్టాడు.